మంగళవారం బండి, ఆదివారం బండి

ఆదివారం తెల్లవారుతూండగా శ్రీకాకుళం జిల్లా చిలకపాలెం కూడలిలో ఓ అరగంట నిలబడి చూడండి. జాతీయ రహదారి మీద విశాఖ వైపు నుంచి నలుగురైదుగురు సైకిళ్ళ మీద వస్తారు. తలకు హెల్మెట్లు, వెనక మిణుకుమనే ఎర్రలైట్లు, సన్నటి టైర్లు, ఒంటిచేత్తో ఎత్తగలిగే తొమ్మిది పది కిలోల బండ్లు. విశాఖ నుంచి శ్రీకాకుళం వచ్చి వెనక్కి వెళితే రమారమి 200 కిలోమీటర్లు. వాళ్ళకది సెలవురోజు సంబరం. అదే వేళకు పక్కనున్న సర్వీసు రోడ్డు మీద ఇంకో సైకిలు వస్తూంటుంది. ఇరవై కిలోల పైబడిన నల్ల సైకిలు. హేండిలుకు అటూ ఇటూ సంచులు, క్యారియరు మీద గోనెపట్టా పరిచి తాడుతో బిగించిన వంకాయల మూట, దాని మీద తోటకూర కట్టలు. మెరక వచ్చిందని పెద్దాయన దిగి నెట్టుకొస్తున్నాడు. బేరాలు మొదలయ్యేలోపు బజారుకు చేరాలి.

ఇద్దరిలో ఎవరి బండీ తక్కువది కాదు. కాకపోతే చైను తెగిందనుకోండి, ఒకరికి ఆ పూట సరదా పోతుంది, ఇంకొకరికి ఆ పూట సంపాదన పోతుంది. బండి కొనేముందు, దానికి డబ్బు పెట్టేముందు మనల్ని మనం అడగవలసిన ప్రశ్న అక్కడే ఉంది: ఇది ఆగిపోతే నాకేం ఆగిపోతుంది?

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉద్యోగస్తుల ఇళ్ళకు వెళ్ళి ఈ ప్రశ్న అడిగితే జవాబులు చాలాసార్లు తలకిందులుగా వస్తాయి. కారు అవసరమంటారు. సైకిలు వ్యాయామానికంటారు. ఆ కారు ఏ పనులు చేస్తోందో చెప్పమంటే అరసవల్లి దర్శనం, రామతీర్థం, బంధువుల పెళ్ళి, ఏడాదికి రెండుసార్లు అరకు, ఎప్పుడైనా విశాఖలో ఆసుపత్రి. మామూలు మంగళవారం నాడు కారెక్కడుందంటే గేటు లోపల, ముసుగు కింద. ఇంట్లోవాళ్ళు మంగళవారం పనులన్నీ మోటారుసైకిలు మీదో ఆటోలోనో చేసుకున్నారు. మంగళవారం కదలని బండి సరదా బండి. దానికి ఎంత ఖరీదు పెట్టినా, ఎంత ప్రేమగా తుడిచినా ఆ సంగతి మారదు.

సరదా పడడం తప్పని నేను అనను. కష్టపడే మనిషికి ఇష్టమైన వస్తువొకటి ఉండాలి, ఉండితీరాలి. కానీ సరదాకు అవసరమని పేరు పెట్టుకుంటే ఒక ఇబ్బంది ఉంది. అవసరమన్న ఖర్చును మనం నిలదీయం. దానికోసం అప్పు చేస్తాం, బంగారం కుదువ పెడతాం, పిల్లల చదువుకని దాచిన సొమ్ము కదుపుతాం. సరదా అని ఒప్పుకున్న ఖర్చయితే చేతిలో ఉన్నంతలోనే ఉంటుంది.

ఒక వారం కాగితం మీద

ఒక పాత నోటుపుస్తకం తీసుకోండి. వారం పాటు మీరు, మీ ఇంట్లోవాళ్ళు చేసిన ప్రతి ప్రయాణం రాయండి. ఎక్కడికి, ఎంత దూరం, ఎంతమంది, ఏం మోశారు, ఆలస్యమైతే నష్టమేమిటి. ఈ నాలుగైదు ముక్కలు చాలు. రాయకుండా నోటితో చెప్పుకుంటే కుదరదు, ఎందుకంటే జ్ఞాపకంలో అరకు ప్రయాణం పెద్దదిగా, రోజువారీ పాలపాకెట్టు ప్రయాణం చిన్నదిగా కనిపిస్తాయి.

రాసి చూసుకుంటే విజయనగరం లాంటి ఊళ్ళో ఉన్నవారికి ఒక విషయం తెలిసొస్తుంది. కోట, ఘంటస్తంభం, పెద్ద మార్కెట్టు, ఆర్టీసీ కాంప్లెక్సు, రైల్వే స్టేషను, అన్నీ ఒకదానికొకటి దగ్గర. తిరుగుళ్ళలో ఎక్కువ భాగం మూడు కిలోమీటర్ల లోపే తేలుతుంది. గంటకు 12 కిలోమీటర్ల చొప్పున తొందర లేకుండా తొక్కినా సైకిలు మీద మూడు కిలోమీటర్లు పావుగంట. మార్కెట్టు సందుల్లో కారు నిలపడానికి చోటు వెతికే సమయం అంతకు తక్కువేం కాదు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తర్వాతి మంగళవారం వస్తుంది. ఆ రోజు ఊరి నడిబొడ్డుకు కారు తీసుకెళ్ళాలని ఊళ్ళోవాళ్ళెవరూ అనుకోరు. మిగిలిన రోజుల్లో కూడా ఆ సందులు అంతే ఇరుకన్న మాట మనకు గుర్తుండదు.

శ్రీకాకుళం లెక్క వేరు. ఊరికి రైలు లేదు. స్టేషను ఆమదాలవలసలో ఉంది, దాని పేరు శ్రీకాకుళం రోడ్. పట్టణానికి పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరం. ఆ దూరం రోజూ తొక్కమని ఎవరికీ సలహా ఇవ్వను, బస్సులున్నాయి. కానీ ఆమదాలవలస చుట్టుపక్కల పల్లెల నుంచి స్టేషనుకు సైకిలు మీద వచ్చి, స్టాండులో పెట్టి, విశాఖ వైపు ప్యాసింజరెక్కే మనిషికి నెలవారీ టిక్కెట్టు, ఒక సైకిలు తాళం సరిపోతాయి. విజయనగరంలోనూ అంతే. అక్కడి నుంచి విశాఖకు రైలులో 60 కిలోమీటర్ల పైచిలుకు. ఆ అరవై రైలుకు వదిలి, ఇంటికీ స్టేషనుకూ మధ్యనున్న రెండు మూడు కిలోమీటర్లు మాత్రం మన కాళ్ళకు ఉంచుకోవాలి. సైకిలు ఒంటరిగా చేయలేని పనిని రైలుతో కలిసి చేస్తుంది. కారుతో పోల్చవలసింది ఈ జంటని, ఒంటరి సైకిలుని కాదు.

ఇక కారు లెక్క. దీన్ని కాస్త ఓపికగా చూద్దాం. ఉదాహరణకు 8 లక్షలు పోసి కారు కొన్నారు, అందులో 6 లక్షలు అప్పు. ఎనిమిదేళ్ళు వాడి 3 లక్షలకు అమ్మారనుకుందాం. విలువలో పోయింది 5 లక్షలు, అంటే ఏడాదికి 62,500. ఆరు లక్షల మీద 9 శాతం చొప్పున ఐదేళ్ళకు కట్టే వడ్డీ దాదాపు 1,47,000. ఎనిమిదేళ్ళకు పంచితే ఏడాదికి 18,400. బీమా ఒక 15,000. సర్వీసింగు, టైర్లు, బ్యాటరీ సగటున ఇంకో 15,000. మొత్తం ఏడాదికి సుమారు 1,11,000. ఇంతవరకూ ఒక్క చుక్క పెట్రోలు పొయ్యలేదు. కారు ముసుగు కిందున్నా ఈ ఖర్చులో ఎక్కువ భాగం తప్పదు. బీమా తేదీ ఆగదు, వాడని బ్యాటరీ చచ్చిపోతుంది, నడవకపోయినా టైర్ల రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ పగుళ్ళిస్తుంది.

ఆ కారు ఏడాదికి 4,000 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు పెట్రోలు కాక 28 రూపాయలు పడింది. లీటరు 110 రూపాయలు, లీటరుకు 16 కిలోమీటర్లు అనుకుంటే పెట్రోలు మరో ఏడు. వెరసి 35. అదే కారు ఉద్యోగానికో వ్యాపారానికో ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే అంతా కలిపి పద్నాలుగు రూపాయల చిల్లర. కాబట్టి బాగా తిరిగేవారికి సొంత కారు నిజంగానే పనికొచ్చే వస్తువు. రాజాం నుంచి పైడిభీమవరం ఫ్యాక్టరీకి వేళకాని వేళల్లో షిఫ్టులకు వెళ్ళే ఇంజనీరు, వారం వారం డయాలసిస్‌కు పెద్దాయనను తీసుకెళ్ళవలసిన ఉద్దానం కుటుంబం, వీళ్ళ కారును సరదా అనే ధైర్యం నాకు లేదు. నాలుగు వేల కిలోమీటర్లవారు మాత్రం ఆ 35 రూపాయల పక్కన తమ ఊళ్ళో అద్దె కారు కిలోమీటరుకు ఎంత అడుగుతుందో కనుక్కుని రాసుకోవాలి. అద్దె కారు తక్కువకు వస్తే, పైన ఇచ్చేదంతా సొంత కారనే ముచ్చట ఖరీదు. ఆ ముచ్చట మీకు అంత విలువైనదైతే సంతోషంగా ఇవ్వండి, తెలిసి ఇవ్వండి.

ఈ పద్ధతి నేర్చుకోవడానికి మన దగ్గరే ఒక ఊరుంది, సాలూరు. లారీలకు పేరుపడ్డ ఊరు. అక్కడ బండి అంటే బతుకు. డీజిలెంత, టైరు ఎప్పుడు మార్చాం, ఎఫ్‌సీ ఎప్పుడు, పర్మిటు ఎంతవరకు, డ్రైవరు బత్తా ఎంత, అన్నీ లెక్కలోకి వస్తాయి. తిరిగిన ప్రతి కిలోమీటరూ ఎంత తెచ్చిందో, ఎంత తిన్నదో చూడని లారీ యజమాని ఎక్కువకాలం యజమానిగా ఉండలేడు. నెల జీతంలోంచి వాయిదా కట్టే ఉద్యోగికి ఆ లెక్క ఇంకా ఎక్కువ అవసరం. ఆయన కారు ఏమీ సంపాదించి పెట్టదు కదా.

పరువు గొడవ

లెక్కలన్నీ సరిపోయినా చాలామంది సైకిలెక్కరు. కారణం ఎండ కాదు, దూరం కాదు. టీకొట్టు ముందు ఆగగానే వినిపించే మాట.

"ఏటి మాస్టారూ, బండి పాడయిపోనాదేటి, సైకిలు మీద ఒస్తన్నారు?"

"పాడవలేదమ్మా, దగ్గరే కదా అని."

ఆ అడిగినావిడ మనసులో వెటకారం లేదు, నిజంగానే కంగారుపడింది. స్కూటరున్న మనిషి సైకిలెక్కాడంటే ఏదో కష్టం వచ్చిందనే మన వాడుక. ఈ ఒక్క ప్రశ్న భయానికి పన్నెండు వందల అడుగుల దూరంలో ఉన్న కిరాణా కొట్టుకు కూడా పెట్రోలు కాల్చే ఇళ్ళు ఎన్నో. చిత్రమేమిటంటే అదే మాస్టారు ఆదివారం హెల్మెట్టు పెట్టుకుని గేర్ల సైకిలు మీద వెళితే ఎవరూ ఏమీ అడగరు, పిల్లలు చెయ్యి ఊపుతారు. తొక్కడం ఒకటే, రోడ్డూ ఒకటే. సరదాకు తొక్కితే గౌరవం, పనికి తొక్కితే జాలి. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. ఎందుకంటే ఈ చూపు దెబ్బ ముందుగా తగిలేది వంకాయల మూట నెట్టుకొచ్చే పెద్దాయనకు, జూటుమిల్లు షిఫ్టుకు వెళ్ళే కార్మికుడికి, ఇళ్ళలో పనికి వెళ్ళే ఆడమనిషికి. వాళ్ళకు దారి ఇవ్వకుండా హారను కొట్టేది ఈ చూపే.

ఆడపిల్లల సంగతి ఇంకా ఆలోచించవలసింది. బడికొస్తా పథకంలో ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చింది. యూనిఫారంలో ముగ్గురు నలుగురు కలిసి పక్కపక్కన తొక్కుకుంటూ బడికి వెళ్ళడం మన పల్లెలు చూశాయి. పదో తరగతి అయ్యాక చాలా ఇళ్ళలో ఆ సైకిలు గోడకు చేరగిలబడింది, లేదా తమ్ముడి చేతికి వెళ్ళింది. ఆ పిల్ల మళ్ళీ ఎవరో ఒకరు దిగబెట్టవలసిన మనిషైంది. మీ ఇంట్లో అలాంటి సైకిలుంటే ఈ వారమే బయటకు తీసి గాలి కొట్టించండి. కాలేజీకి, కోచింగుకు, బ్యాంకుకు తనంతట తాను వెళ్ళగలిగిన అమ్మాయికి ఆ బండి ఇచ్చేది పావుగంట ఆదా ఒక్కటే కాదు.

మాటకు మాట ఏం చెప్పాలంటారా? ఏమీ చెప్పనక్కర్లేదు. నెల రోజులు వరసగా వెళితే అడగడం వాళ్ళే మానేస్తారు.

పని సైకిలు, సరదా సైకిలు

సైకిలు కొనాలని నిర్ణయించుకున్నవారు ఎక్కువగా తప్పు బండి కొంటారు. రోజూ ఆఫీసుకు వెళ్ళాలనుకుని దుకాణంలో మెరిసే ఇరవై ఒక్క గేర్ల బండి తెచ్చుకుంటారు. దానికి మడ్‌గార్డు లేదు, వాన పడితే వీపు మీద బురద గీత. చైను కవరు లేదు, ప్యాంటుకు నూనె. క్యారియరు లేదు, స్టాండు లేదు. రెండు నెలలకు విసుగొచ్చి మేడ మెట్ల కింద పెట్టేస్తారు. మన తీరప్రాంతం చాలావరకు చదును. ఊళ్ళో తిరగడానికి గేర్లే అక్కర్లేదు. పని సైకిలుకు కావలసింది మడ్‌గార్డులు, చైను కవరు, గట్టి క్యారియరు, స్టాండు, బెల్లు, తాళం, ముందూ వెనకా లైట్లు, కాస్త లావు టైర్లు. హీరో, హెర్క్యులిస్ లాంటి పాత కంపెనీల సాదా బండ్లు ఇప్పటికీ దొరుకుతాయి. వాటి విడిభాగాలు ఏ జంక్షన్లోనైనా దొరుకుతాయి, అదే వాటి అసలు గొప్ప.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, ఇది తెలియక ఇబ్బందిపడేవారు చాలామంది. మామూలు సైకిలు ట్యూబుకు ఉండే వాల్వు వేరు, ఖరీదైన సైకిళ్ళకు వచ్చే సన్నటి ప్రెస్టా వాల్వు వేరు. నరసన్నపేట దగ్గరో చీపురుపల్లి దగ్గరో గాలి తగ్గి పల్లె సైకిలు షాపుకు వెళితే అక్కడి పంపు ఆ సన్నటి వాల్వుకు పట్టదు. వేలి గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి ముందే కొని బ్యాగులో వేసుకుంటే ఏ పంపుతోనైనా, పెట్రోలు బంకు దగ్గరైనా గాలి కొట్టుకోవచ్చు. గాలి ఎక్కించేముందు ఆ వాల్వు కొస మర వదులు చేయాలి, తర్వాత బిగించాలి.

సైకిలు షాపు ముందు బల్ల మీద కూర్చుని మెకానిక్కు పని చూడడం కూడా నేర్చుకోవడమే. పంచరు వేసేటప్పుడు ట్యూబును నీళ్ళ బేసిన్లో ముంచి బుడగ ఎక్కడొస్తుందో పట్టుకుంటాడు. ఆ చోటు ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషను రాసి, వెంటనే ముక్క అంటించడు. అది ఆరి జిగటపడే దాకా ఆగుతాడు. ఇంట్లో మనం వేసిన పంచరు రెండో రోజుకు ఊడిపోవడానికి కారణం ఆ రెండు నిమిషాలు ఆగకపోవడమే. చక్రం వంకర తిరుగుతుంటే సుద్దముక్కను రిమ్ముకు దగ్గరగా పట్టుకుని చక్రం తిప్పుతాడు. వంగిన చోట సుద్ద గీత పడుతుంది. అక్కడ సుద్ద తగిలిన వైపు పుల్లలను పావు చుట్టు చొప్పున వదులు చేస్తాడు, ఎదుటి వైపు పుల్లలను బిగిస్తాడు. మళ్ళీ తిప్పుతాడు. ఈ రెండు పనులూ ఒక సాయంత్రం నేర్చుకోవచ్చు. నేర్పినందుకు డబ్బు ఇవ్వండి. ఆ పనికి మన ఊళ్ళలో చేతులు తగ్గిపోతున్నాయి.

పని సైకిలుకు ఇంకో గుణం ఉంది, అది తుఫాను నాడు తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు కూలి, చెట్లూ స్తంభాలూ రోడ్లకు అడ్డంగా పడ్డాయి. చెట్టు నరికి తీసేదాకా కారు వీధి దాటలేదు. మోటారుసైకిలును మాను మీదుగా దాటించాలంటే నలుగురు కావాలి. ఒక్క మనిషి ఎత్తి అవతల పెట్టుకోగలిగింది సైకిలే. అక్టోబరు రాకముందే ఇంట్లో ఒక సైకిలు తిరిగే స్థితిలో ఉంచుకోవడం మన తీరం వాళ్ళకు బియ్యం, కొవ్వొత్తులతో పాటు లెక్కలోది.

సరదా సైకిలు దగ్గరకొస్తే నా మాట మారుతుంది. అక్కడ బరువు, గేర్లు, అందం అన్నీ చూసుకోండి. చేతిలో డబ్బుంటే మంచిదే కొనండి. అప్పు మాత్రం వద్దు. మొదటి దూరప్రయాణానికి శ్రీకాకుళం నుంచి కళింగపట్నం మంచి దారి. పాతిక ముప్పై కిలోమీటర్లు, దాదాపు అంతా చదును. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌసు, దారికి దగ్గర్లో శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు. చీకటి విడగానే బయలుదేరితే చల్లగా చేరతారు. వెనక్కి వచ్చే వేళకు ఎండెక్కి సముద్రం మీద నుంచి గాలి మొదలవుతుంది. ఒడ్డు నుంచి ఊళ్ళోకి వచ్చేవారికి అది చాలావరకు వీపు వెనక నుంచి తోస్తుంది. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో బండి కడిగి, తుడిచి, చైనుకు నూనె వెయ్యాలి. ఉప్పుగాలి చైనును ఎంత తొందరగా తింటుందో ఒడ్డు ఊళ్ళవాళ్ళను అడగండి.

సీటు ఎత్తు సరిచూసుకోకుండా దూరం వెళ్ళకండి. పెడలు కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాపుకోవాలి. ముందు పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం మడత ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో సైకిలు మానేసినవారిలో చాలామందికి సీటు మరీ కిందుంటుంది.

దూరాల రుచి తగిలితే బ్రెవేలనే దూరప్రయాణాలున్నాయి. వాటిలో గెలుపోటములు లేవు, గడువు మాత్రమే ఉంది. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40. ఫ్రాన్సులో నాలుగేళ్ళకోసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్ 1200 కిలోమీటర్లు, 90 గంటలు. అది 1891లో పందెంగా మొదలైంది. ఇప్పుడు మన దేశం నుంచి కూడా వెళ్ళి తొక్కుతున్నారు. అయితే మన జాతీయ రహదారి మీద చీకట్లో తొక్కేవారు రెండు విషయాలు మరవకూడదు. లైట్లు లేకుండా అంచున ఆపిన లారీలు ఒకటి. కోతల రోజుల్లో పల్లె రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం, మొక్కజొన్న, వాటి అంచున పేర్చిన రాళ్ళు రెండోది. ఆ రాయి లైటు వెలుగులో పడేసరికే చక్రం కింద ఉంటుంది.

కారు సరదా ఉన్నవారికి

కారును సరదాగా ఒప్పుకున్నవారికి నిజంగా ఆనందం పెరుగుతుంది. మారుతి 800, అంబాసిడర్ రెండిటి తయారీ 2014లోనే ఆగిపోయింది. వాటిలో ఒకదాన్ని బాగుచేసుకుని, విడిభాగాల కోసం పాత సామాన్ల దుకాణాలు తిరిగి, ఆదివారం నడిపే మనిషికి అది ఆగిపోయినా ఒక పనే, ఒక ఆటే. ఆ కారును ఆసుపత్రి ప్రయాణానికి నమ్ముకోకూడదు. దానికి వేరే ఏర్పాటు ముందే ఉండాలి, నమ్మకమైన డ్రైవరు నంబరైనా సరే. రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది. ఆ తర్వాత బండి తనిఖీ చేయించుకుని ఐదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. ఆ తేదీ కూడా నోటుపుస్తకంలోకి ఎక్కాలి.

విజయనగరం కారు సరదా చివరికి శృంగవరపుకోట మీదుగా అరకు ఘాటుకు చేరుతుంది. ఆ దారిలో దిగడమే కష్టం, ఎక్కడం కాదు. ఘాట్లలో పెరిగిన లారీ డ్రైవర్లు పాటించే పద్ధతి ఒకటుంది: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుల దగ్గర మాత్రమే తగలాలి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రలులో దింపేవారు కాలు బ్రేకు మీదే ఉంచి వస్తారు. డిస్కులు కాలి, పెడలు మెత్తబడి, నొక్కినా పట్టదు. కాలిన వాసన తగిలితే వెడల్పైన చోట చూసి ఆపండి, చక్రానికి రాయి అడ్డం పెట్టండి, పావుగంట వదిలెయ్యండి. తొందరపడి చక్రాల మీద నీళ్ళు కొట్టవద్దు. ఎర్రగా వేడెక్కిన డిస్కు ఒక్కసారి చల్లబడితే వంకరపోతుంది, ఆపైన బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగు అదురుతుంది.